ఒక్క రెసిస్టెన్స్ అడిగినా ఇచ్చే షాపు

మీ ప్రశ్నలు, మాస్టారి జవాబులు
(కర్నూలులో ఐటీఐ పిల్లలకు ముప్పై ఏళ్లు రేడియో, టీవీ పని నేర్పి రిటైరైన మాస్టారు ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నారు.)

ప్రశ్న: మాస్టారూ, మా అన్న అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటాడు. పోయి ఇరవై ఎనిమిదేళ్లయింది. మొన్న సంక్రాంతికి అనంతపురం వచ్చినప్పుడు, చిన్నప్పుడు రేడియో పార్టులు కొనే షాపు చూడాలని టవర్ క్లాక్ దగ్గరికి నన్ను కూడా తీసుకుపోయాడు. అక్కడిప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. అమెరికాలో రేడియోషాక్ అనే ఎలక్ట్రానిక్ పార్టుల షాపులు ఉండేవంట, వారం వారం పోయేవాడంట, అవీ మూతపడ్డాయంట. "ఆ ఊళ్లోనూ లేదు, ఈ ఊళ్లోనూ లేదు, ఇంక నేను యాడికి పోవాల?" అన్నాడు. యాభై ఐదేళ్ల మనిషి అంగడి కోసం ఇంత బాధపడటం మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, పిల్లలైతే నవ్వారు. వేల షాపులున్న కంపెనీ ఎట్ల మునిగింది? మన షాపులు ఎందుకు పోయాయి? మీరు ఆ లైన్లో ఉన్నోళ్లు కదా, చెప్పండి.
– ఒక చెల్లెలు, అనంతపురం

జవాబు: అమ్మా, ముందు పిల్లలకు చెప్పండి, నవ్వొద్దని. మీ ఉత్తరం చదివి నేనూ కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

నాకు పద్నాలుగేళ్లప్పుడు సంగతి ఒకటి చెప్తాను, అది చెప్తే మీ అన్న బాధ మీకు సగం అర్థమవుతుంది. కర్నూలు పాత ఊర్లో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక చిన్న రేడియో పార్టుల షాపు ఉండేది. గోడ నిండా చెక్క సొరుగులు, ఒక్కో సొరుగు మీద చాక్‌పీసుతో నంబరు. నేను ఇంట్లో ఒక చిన్న రేడియో కడుతున్నాను, దాంట్లో స్పీకరుకు పోయే శబ్దాన్ని పెంచేదానికి ఏసీ 128 అనే ట్రాన్సిస్టర్ వేశాను, స్విచ్ వేసిన కాసేపటికే అది చెయ్యి కాలేంత వేడెక్కి పోయింది. డబ్బులు కూడబెట్టి ఇంకొకటి కొన్నాను, అదీ పోయింది. మూడోది కొనేదానికి పోయినప్పుడు షాపాయన సొరుగు తియ్యలేదు. "ఏమప్పా, ఇవి తింటున్నావా?" అని అడిగి, ఒక కాగితం, పెన్సిల్ ముందర పెట్టి, నువ్వు కట్టింది గీసి చూపించు అన్నాడు. గీశాను. ట్రాన్సిస్టర్‌ను నడిపే కాలికి, అంటే బేస్‌కు, కరెంటు తగ్గించేదానికి వేసిన రెసిస్టెన్స్ ఏది అన్నాడు. నలభై ఏడు కిలో ఓమ్‌లు అన్నాను. రంగులు చెప్పు అన్నాడు. పసుపు, ఊదా, ఎరుపు.

ఎలక్ట్రానిక్స్ తెలిసినోళ్లకు ఇక్కడే అర్థమైపోయి ఉంటుంది. రెసిస్టెన్స్ మీద ఉండే రంగు గీతలే దాని విలువ చెప్తాయి. పసుపు, ఊదా, నారింజ ఉంటే 47 కిలో ఓమ్‌లు, పసుపు, ఊదా, ఎరుపు ఉంటే 4.7 కిలో ఓమ్‌లు. రాత్రి గుడ్డి దీపం కింద నాకు ఎరుపు నారింజలాగా కనపడింది. బేస్‌లోకి పదింతలు కరెంటు పోతూ ఉంది, జర్మేనియం ట్రాన్సిస్టర్ వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, అట్ల లాగి లాగి చచ్చిపోయేది. ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "ట్రాన్సిస్టర్ అమ్మితే నాకు లాభమే, కానీ నువ్వు ఇంటికి పోయి దీన్నీ కాలుస్తావు." ఆ రోజు ఆయన నాకు పది పైసల రెసిస్టెన్స్ ఒకటి అమ్మాడు, డబ్బులు నా జేబులో ఉన్నా ట్రాన్సిస్టర్ అరువుకు ఇచ్చాడు, రేడియో పలికినాక తెచ్చియ్యి అన్నాడు. వేరుశనగ బుడ్డలు కట్టినట్టు రెండింటినీ పేపర్ ముక్కలో పొట్లం కట్టిచ్చాడు. రాత్రి కడప స్టేషన్ పలికింది. పొద్దున్నే పరిగెత్తిపోయి డబ్బులిచ్చాను.

నేను తర్వాత ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. రంగుల కోడ్ చెప్పిన ప్రతిసారీ, రంగుల వరుస గుర్తుండేదానికి అందరూ బట్టీ పట్టే ఆ "బి.బి. రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్" వాక్యం కంటే ముందు ఈ కథే చెప్పేవాణ్ణి. నాకు మొదటి గురువు ఆ షాపాయన. మీ అన్నకు కూడా టవర్ క్లాక్ దగ్గర అట్లాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు, అడగండి. ఆయన వెతికింది గోడలూ బోర్డూ కాదు, ఆ మనిషిని.

ఇంక రేడియోషాక్ సంగతి. అది 1921లో బోస్టన్‌లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన షాపు. ఓడలో వైర్‌లెస్ సెట్టు ఉండే చిన్న గదిని అప్పట్లో రేడియో షాక్ అనేవాళ్లు, షాక్ అంటే గుడిసె, ఆ పేరే పెట్టుకున్నారు. ఇళ్లలో సొంతంగా వైర్‌లెస్ సెట్లు కట్టుకుని దూరదేశాలతో మాట్లాడే హామ్ రేడియో వాళ్లు వాళ్ల మొదటి గిరాకీ. 1960ల మొదట్లో అది దివాలా అంచుకు వచ్చింది. 1963లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ నుంచి చార్లెస్ టాండీ అనే ఆయన కొన్నాడు. మీ అన్న ఉండే డల్లాస్‌కు పక్కూరు అది, కంపెనీ హెడ్డాఫీసు చివరిదాకా అక్కడే. ఈ టాండీ అంతకుముందు ఏం అమ్మేవాడో తెలుసా అమ్మా? తోలు. ఇంట్లో కూర్చుని పర్సులు, బెల్టులు సొంతంగా కుట్టుకునేవాళ్లకు తోలు ముక్కలు, పనిముట్లు అమ్మే వ్యాపారం ఆయనది. నన్నడిగితే రేడియోషాక్ బతకడానికి అసలు కారణం ఇదే. తయారైన వస్తువు కొనేవాడు వేరు, తయారు చేసుకునేవాడు వేరు, ఈ రెండోవాడు మళ్లీ మళ్లీ వస్తాడు, వచ్చినప్పుడల్లా చిన్నదే కొంటాడు, కానీ జీవితాంతం వస్తాడు. ఆ రెండో రకం మనిషి టాండీకి తోలు వ్యాపారంలోనే తెలుసు.

తర్వాత ఊరూరా షాపులు పెరిగాయి. పిల్లలకు స్ప్రింగుల మధ్య వైర్లు పెట్టి రకరకాల సర్క్యూట్లు కట్టుకునే కిట్లు అమ్మారు. నెలకొక బ్యాటరీ ఉచితంగా ఇచ్చే కార్డు ఉండేది, పిల్లోళ్లు ఆ ఒక్క సెల్లు కోసం షాపుకు పోయి గంటసేపు సొరుగులు చూసి వచ్చేవాళ్లు. 1977లో టీఆర్‌ఎస్-80 అని సొంత కంప్యూటర్ తెచ్చారు, మానిటర్, టేప్ రికార్డర్‌తో కలిపి 599 డాలర్ల 95 సెంట్లు, మెమరీ 4 కిలోబైట్లు. ఇప్పుడు మన ఫోన్లో ఒక్క ఫోటోకు కూడా చాలదు, కానీ అప్పట్లో మామూలు ఇళ్లలోకి కంప్యూటర్ పోయిన మొదటి దారుల్లో అది ఒకటి. ఆలోచించండి, కూరగాయలకు పోయే బజారులో, కరెంటును కాసేపు నిల్వ ఉంచే కండెన్సర్లు (కెపాసిటర్లు) అమ్మే అంగట్లో, ఒక పిల్లవాడు నిలబడి కంప్యూటర్ మీటలు నొక్కి చూడొచ్చు, ఎవరూ పొమ్మనరు.

మరి ఎట్ల మునిగింది అంటే, చాలామంది ఆన్‌లైన్ వచ్చి ముంచింది అంటారు. అది సగమే నిజం. 1990ల నుంచి సెల్‌ఫోన్లు వచ్చాయి, ఫోన్ కనెక్షన్ అమ్మితే కంపెనీల నుంచి కమీషన్ బాగా వచ్చేది. చేతిలో సులభంగా డబ్బు ఆడుతుంటే ఎవరు కాదంటారు? షాపు ముందు భాగమంతా ఫోన్లే అయ్యాయి, పార్టుల సొరుగులు వెనక గోడకు, ఒక మూలకు పోయాయి. పార్టు గురించి అడిగితే చెప్పగలిగే మనుషులు తగ్గిపోయారు, ఫోన్ ప్లాన్ అంటగట్టేవాళ్లు వచ్చారు. కొన్నాళ్లకు ఫోన్ కంపెనీలే సొంత షాపులు పెట్టుకున్నాయి, పెద్ద పెద్ద స్టోర్లు తక్కువ ధరకు ఇచ్చాయి. పైగా రేడియోషాక్ అమ్మే సామాన్లన్నీ, టేప్ రికార్డరు, క్యాలిక్యులేటరు, కెమెరా, అలారం గడియారం, ఒక్కొక్కటే ఆ ఫోన్లోకే పోయాయి. తన సామానును మింగేసే వస్తువునే తన ముందు గుమ్మంలో పెట్టి అమ్మింది ఆ షాపు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

2011 ప్రాంతంలో బుద్ధి తెచ్చుకుని, మళ్లీ సొంతంగా కట్టుకునేవాళ్లను పిలిచి, ప్రోగ్రాము రాసి దీపాలు, మోటార్లు నడిపించుకునే ఆర్డుయినో బోర్డులు లాంటివి పెట్టారు. ఆలస్యమైపోయింది. 2014లో 1,100 షాపులు మూసేస్తాం అన్నారు, 2015 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేశారు, అప్పటికీ నాలుగు వేల దాకా షాపులు ఉన్నాయి. ఫోన్ కంపెనీతో కలిసి కొన్ని షాపులు నడిపి చూశారు, 2017 మార్చిలో రెండోసారి దివాలా. ఆ తర్వాత పేరు చేతులు మారుతూ పోయింది. అక్కడక్కడా చిన్న ఊళ్లలో ఆ బోర్డు కిందే సొంత షాపు నడుపుకునే ఓనర్లు కొందరు మిగిలారు, మీ అన్నకు వీలైతే అట్లాంటి దాన్ని వెతుక్కొని ఒకసారి పోయి రమ్మనండి.

మన షాపులది ఇంకో కథ. వాటిని ఏ సేట్ తప్పూ ముంచలేదు. 1980లలో, 90లలో మన ఊళ్లలో పార్టుల షాపు అంటే పండగే. ఊరూరా టీవీలు, టేప్ రికార్డర్లు, దేవుడి గుళ్లకు, పీర్ల చావిళ్లకు మైక్ సెట్లు, ఆటోల్లో ట్రాక్టర్లలో 4440 అనే ఐసీతో, అంటే చిన్న చిప్పుతో, కట్టిన ఆంప్లిఫయర్లు. ప్రతి మెకానిక్కూ వారానికి రెండుసార్లు పార్టుల షాపుకు పోవాల్సిందే. పాత డబ్బా టీవీ పోయి ఎల్‌ఈడీ టీవీ వచ్చినాక పిక్చర్ ట్యూబుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్లు, ఆ ట్యూబు సాకెట్లు అడిగేవాడు లేడు. కొత్త బోర్డుల మీద పార్టులు ఆవగింజంత ఉంటాయి, మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో తాకితే పక్కవి కూడా ఊడొస్తాయి, అందుకని మెకానిక్ పార్టు మార్చడం మానేసి బోర్డే మారుస్తున్నాడు. రేడియో వంద, రెండొందలకు వచ్చినాక దాన్ని రిపేరు చేయించేవాడెవడు?

మా కర్నూలు షాపుకైతే ఇవన్నీ ఒక ఎత్తు, 2009 అక్టోబరు ఒక ఎత్తు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాత ఊరి మీదికి వచ్చిన వరద మా తరం ఎవరూ మర్చిపోలేరు. నీళ్లు తీసినాక నేను పోయి చూశాను. అప్పటికి ఆ పెద్దాయన లేడు, కొడుకు ఉన్నాడు. చెక్క సొరుగులు ఉబ్బి బిగుసుకుపోయాయి, ఒక్కొక్కటే సుత్తితో కొట్టి తీస్తే లోపల బురదలో పార్టులు. మేమిద్దరం రెండు రోజులు కూర్చుని బకెట్ నీళ్లలో ట్రాన్సిస్టర్లు కడిగి, గుడ్డ మీద ఆరబోశాం, నేను మీటర్ పెట్టి చూస్తే కొన్ని బాగానే ఉన్నాయి. కండెన్సర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు అన్నీ పోయాయి. రెండు మూడేళ్లు ఎట్లనో నెట్టుకొచ్చి మూసేశాడు. నంబర్లు చెరిగిపోయిన ఒక సొరుగు నాకిచ్చాడు, దాంట్లో నేను స్క్రూలు వేసుకుంటాను.

అందరు షాపువాళ్లూ దేవుళ్లని నేననను. పిల్లోళ్లు వస్తే కసిరి పంపించిన వాళ్లూ ఉన్నారు, నకిలీ ఐసీలు అంటగట్టిన వాళ్లూ ఉన్నారు. కానీ ఇప్పుడు ఫోన్లో బొమ్మ చూసి తెప్పించుకుంటే, నువ్వు కొనేది తప్పు, నీకు కావలసింది ఇది కాదు, పది పైసలది చాలు అని చెప్పేవాడు మధ్యలో ఎవరూ లేరు. మీ అన్నకు లేకుండా పోయింది అది. ఈసారి ఆయన ఫోన్ చేసినప్పుడు ఆ షాపులో మొదట ఏం కొన్నాడో అడగండి అమ్మా, చెప్పనివ్వండి, మధ్యలో ఆపొద్దు.

ప్రశ్న: మా తాతగారి మర్ఫీ రేడియో ఉంది, లోపల గాజు బల్బుల్లాంటి వాల్వులుండేది. ముప్పై ఏళ్లుగా అటక మీద ఉంది. ప్లగ్ పెట్టి చూడొచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: పెట్టొద్దు నాయనా, దయచేసి పెట్టొద్దు. ఇన్నేళ్లు ఊరికే ఉన్న రేడియోలో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, ఒక్కసారిగా కరెంటిస్తే పేలొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే దాన్ని మళ్లీ చుట్టించడం చాలా కష్టం. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి. పాత మెకానిక్ ఎవరైనా ఉంటే 60 వాట్ల ఫిలమెంట్ ఉండే పాత రకం బల్బును సీరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే రేడియోకు పోయేలా, పెట్టి మెల్లగా కరెంటిచ్చి చూస్తాడు, లోపల షార్ట్ ఉంటే బల్బు వెలిగిపోతుంది, రేడియోకు ఏమీ కాదు. వాల్వు సెట్టులో ప్లగ్ తీసినాక కూడా షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది, కాబట్టి తెలియనివాళ్లు వెనక అట్ట కూడా తియ్యొద్దు. పలకకపోయినా ఆ పెట్టెను పాతసామాన్లకు మాత్రం వెయ్యకండి.

ప్రశ్న: సార్, కడపలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ప్రాజెక్టుకు ఐదు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు కావాలంటే ఆన్‌లైన్‌లో వంద, వంద ప్యాకెట్లే వస్తున్నాయి, డెలివరీ చార్జీ సామాను కంటే ఎక్కువ. వై.వి. స్ట్రీట్ అంతా తిరిగాను. విడిగా ఎక్కడ దొరుకుతాయి? ఇంకో సంగతి, నేను 9 వోల్టుల బ్యాటరీకి ఎల్‌ఈడీ పెడితే ఒక్క మెరుపు మెరిసి ఆరిపోతూ ఉంది, మూడు పోయాయి, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి, కడప

జవాబు: నువ్వు మూడు కాల్చావా, నేను రెండు కాల్చాను, పైన రాశాను చూడు. ఎల్‌ఈడీని బ్యాటరీకి నేరుగా పెట్టకూడదు. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 7 వోల్టులు ఎక్కడో ఒక చోట ఆగాలి. దానికి ఒక రెసిస్టెన్స్ సీరీస్‌లో వెయ్యాలి. 15 మిల్లీ ఆంపియర్లు చాలు అనుకుంటే 7ను 0.015తో భాగించు, దాదాపు 467 వస్తుంది, బజారులో దొరికేది 470 ఓమ్‌లు. రంగులు పసుపు, ఊదా, గోధుమ. పగటి వెలుతురులో చూసుకో.

దొరికే చోట్లు: మీకు చెన్నై దగ్గర కాబట్టి రిచీ స్ట్రీట్, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్.పి. రోడ్డు, మాకు హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ. ఎవరైనా ఊరికి పోతుంటే జాబితా రాసిచ్చి తెప్పించుకో, క్లాసులో నలుగురు కలిసి ప్యాకెట్ తెప్పించుకుని పంచుకోండి. అంతకంటే ముందు, మీ వీధిలో టీవీ రిపేరు చేసే ఆయన దగ్గరికి పో. ఆయన దగ్గర పాత బోర్డులు గుట్టలుగా ఉంటాయి, ఒకటి అడిగి తీసుకో, ఇంట్లో కూర్చుని పార్టులు ఊడదియ్యి. ఊడదీసేటప్పుడే సోల్డరింగ్ చెయ్యి తిరుగుతుంది. ఊరికే తీసుకోకు, రెండు రోజులు ఆయన పక్కన కూర్చుని పని అందుకో, పుస్తకంలో లేనివి చాలా చెప్తాడు.

ప్రశ్న: మా నాయన రేడియో మెకానిక్. పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన ట్రంకు పెట్టె నిండా పార్టులు ఉన్నాయి. కొన్ని పొట్లాల మీద ఆయన చేతి రాతతో నంబర్లు ఉన్నాయి. ఇల్లు మారుతున్నాం. పాతసామాన్ల ఆయన కిలో లెక్కన అడుగుతున్నాడు. ఇవి ఎవరికైనా పనికొస్తాయా?
– ఒక కొడుకు, నంద్యాల

జవాబు: కిలో లెక్కన ఇయ్యకు నాయనా. ట్రాన్సిస్టర్లు, డయోడ్లు తడి తగలకుండా ఉంటే యాభై ఏళ్లయినా చాలావరకు పని చేస్తాయి. ఏసీ 128, ఓఏ 79 లాంటి జర్మేనియంవి ఇప్పుడు దొరకడమే కష్టం, పాత రేడియోలు బాగుచేసేవాళ్లు వాటికోసం వెతుకుతున్నారు. స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సర్లు, చిన్న లోహపు డబ్బీల్లో ఉండే ఐఎఫ్‌టీ కాయిల్స్, నల్ల కడ్డీల్లాంటి ఫెరైట్ రాడ్‌లు జాగ్రత్తగా తియ్యి, రాడ్ కింద పడితే గాజులాగా విరుగుతుంది. బిళ్ల కండెన్సర్లు, అభ్రకం కండెన్సర్లు బాగానే ఉంటాయి. అల్యూమినియం డబ్బా లాంటి ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, అవి తీసెయ్యి. కారిన సెల్లులు ఉంటే చేతికి గుడ్డ చుట్టుకుని తీసి పారెయ్యి. పాత కార్బన్ రెసిస్టెన్సుల విలువ కాలం గడిచేకొద్దీ కొంచెం మారుతుంది, మీటర్‌తో చూసుకుని వాడొచ్చు.

పైన కడప విద్యార్థి ఉత్తరం చదివావు కదా. ఆ అబ్బాయి చిరునామా మా ఆఫీసులో ఉంది, నీకు ఇష్టమైతే పత్రికకు ఒక కార్డు రాయి, ఇద్దరినీ కలుపుతాను. రెసిస్టెన్సులు, డయోడ్లు, ఇంకా ఆ అబ్బాయికి పనికొచ్చేవి ఒక అట్టపెట్టెలో సర్ది పంపు. ఏసీ 128లు మాత్రం విడిగా, మీ నాయన కట్టిన పొట్లంలోనే ఉంచి పంపు, ఆయన రాసిన నంబరు చెరిగిపోకుండా పైన ఒక ప్లాస్టిక్ కవర్ వెయ్యి.